పీతమ్మ ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సభ

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా నోట మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి. పడలేదుగా? అయితే విను.

ఒక కొండవాగు. ఎగువన ఏనుగు దొర ఉండేవాడు. ఎంత లావంటే, తొండం దగ్గర తెల్లవారితే తోక దగ్గరికి వెలుగొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. స్నానానికని నాలుగువేల మద్దిచెట్లు పడగొట్టి వాగుకు కట్ట వేశాడు. కట్ట సందుల్లోంచి కారిన నీళ్ళను మధ్యలో గేదె తన బురదగుంటకు మళ్ళించుకుంది. దిగువన పీతమ్మకు మిగిలింది ఒట్టి ఇసుక. ఆమె పొట్ట కింద మూడు లక్షల పిల్లలు తడిలేక పేలాల్లా ఎండుతున్నాయి.

వాగును కాపాడదామని ఏటా సభ జరిగేది, ఏనుగు దొర మడుగు పక్కన, పనసచెట్ల నీడలో. రాతపని నక్కది. అందరూ తలూపి తీర్మానం కుదరకముందే లేచినవాళ్ళ నీటివాటా తక్కినవాళ్ళకు పోతుందని, నక్క లేస్తే పదవే పోతుందని నియమం. పెట్టిందీ నక్కే. నీరసానికి తాళలేక పీతమ్మే ముందు తలూపుతుందని దాని ఎత్తు.

"గేదె గుంట పూడిస్తే నేను కట్ట తీస్తా" అనేవాడు ఏనుగు దొర.

"దొరగారు ముందు తియ్యనీండి, నేనెంత!" అనేది గేదె.

"ఉభయులూ ఆలోచిస్తామన్నారు" అని నక్క టేకాకు మీద రాసేది. అలా నూటపదకొండేళ్ళు ఆలోచించారు.

ఈసారి పీతమ్మ నక్కను పక్కకు పిలిచింది. "బావగారూ, సభ మా ఊళ్ళో పెట్టించండి. చేపలు బోలెడు ఎండి ఉన్నాయి."

"అన్ని చేపలు ఎవరెండబెట్టారు?"

"మీ అందరి దయ."

నక్క నోట్లో ఊరిన నీళ్ళు వాగులోకి వదిలితే కథ అక్కడే ముగిసేది. సభ పీతమ్మ ఊళ్ళోనే అని ఆ పూటే చాటించేసింది.

వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం. చెట్టన్నది లేదు. ఎండకు నక్క నీడ కూడా భయపడి దాని పొట్ట కిందికి దూరింది. అందరూ కూర్చున్నారు. పీతమ్మ కూర్చున్నచోటే ఇసుక తవ్వుకుని, అడుగున మిగిలిన చారెడు తడిలోకి దిగి, కళ్ళు మాత్రం పైకి పెట్టింది.

"ఆలోచిస్తాం అని రాసేద్దాం, కానివ్వండి!" అంది నక్క, కాలు మార్చి కాలు ఎత్తుతూ.

"'ఆలోచిస్తాం' నాకు నచ్చలేదు బావగారూ."

"'తీవ్రంగా ఆలోచిస్తాం'?"

"ఊహూఁ."

"'త్వరలో'?"

"తొందరేముంది? చేపలు తింటూ మాట్లాడుకుందాం."

గేదె వీపు పెంకులా పగిలింది. "పీతమ్మా, నేను కాస్త గుంట దాకా..."

"వెళ్ళు వదినా. నీ వాటా దొరగారికి పోతుంది, అంతే."

గేదె చటుక్కున కూలబడింది. ఏనుగు దొర వీపు మీద అప్పడం వేస్తే కాలేట్టుంది. "ఒసేయ్ పీతా! ఏం రాయమంటావో చెప్పి చావు!"

"రాయొద్దు దొరా. నీళ్ళు నా కాళ్ళకు తగిలాక తలూపుతాను."

దొర కడుపు మండి, ఎగువనున్న తన పెళ్ళాలకు వినపడేలా ఘీంకరించాడు. "కట్ట తెంచండర్రా!" ఆ అరుపుకు ఏడు కొండలవతల కోళ్ళు గుడ్లు పెట్టాయి. గేదె కూడా దూడల్ని కేకేసింది. "గట్టు తన్నెయ్యండి!"

వచ్చింది వాగు! మోకాలెత్తు, నడుమెత్తు, నక్క గడ్డమెత్తు. పీతమ్మ పిల్లలు మూడు లక్షలూ ఒక్కసారి కాళ్ళు కదిపాయి. నూటపదకొండేళ్ళ టేకాకులూ, తినని ఎండుచేపలూ వరదలో కొట్టుకుపోయాయి.

"తీర్మానం! ఇంకా సంతకాలు కాలేదు!" మునుగుతూ తేలుతూ అరిచింది నక్క.

"నీళ్ళొచ్చాయిగా, ఇంకెందుకు?" అంది పీతమ్మ. "మళ్ళీ ఎవరైనా కట్ట వేస్తే చెప్పండి. వచ్చే ఏడూ సభ మా ఊళ్ళోనే, ఇదే నెలలో."

ఇప్పటిదాకా ఆ వాగుకు ఎవరూ పుల్ల కూడా అడ్డం పెట్టలేదు.

నీతి ఏమిటంటే, నీడలో కూర్చున్నవాళ్ళ చేత ఎండ గురించి తీర్మానం చేయించకూడదు.

సరే అమ్మడూ, ఆవలించింది చాలు. వీధి చివర కుళాయి కింద మన బిందె పెట్టొచ్చి గంటయింది, పొర్లి ఊరు మునిగుంటుంది. పరుగెత్తి కట్టేసి రా.