పండగ కానుకగా గుర్నాథం

గుర్నాథానికి ఆ దీపావళి పొద్దున ఒకటే బాధ. ఊరంతా తనను మెచ్చుకుంటోంది. మంగమాంబ ఒక్కతే మెచ్చుకోలేదు.

మంగమాంబ సాలెవీధి చివర చిన్న మఠంలో ఉండే గురువమ్మ. ఊళ్ళోకెల్లా పెద్ద బట్టలకొట్టు నడిపే గుర్నాథం ఆమె శిష్యుడు. ఏటా పండక్కి పెద్ద బేరాలవాళ్ళ ఇళ్ళకు మిఠాయి పంపేవాడు. మిఠాయి ఎవడైనా పంపుతాడు, మనం కొత్తగా ఏదైనా పంపాలని ఈసారి కుక్కపిల్లల్ని పంపాడు. ఇంకా పాలు మరవని పిల్లలు. మెడకు ఎర్ర రిబ్బను, బుట్టకు జరీ అంచు. కొట్టు వెనక దొడ్డిలో తల్లికుక్క మూలుగుతూ గోడలు గీరుతుంటే, పండగపూట ఈ ఏడుపేమిటని గుమాస్తా చేత అదిలింపించాడు.

కానుక అందిన ఇళ్ళల్లో పిల్లలు ఎగిరి గంతేశారు నిజమే. రాత్రి బాంబుల మోతకి ఆ బుల్లి ప్రాణాలు ఏ మంచం కింద దూరతాయో, పండగ వెళ్ళాక వాటికి గిన్నెడు పాలు పోసేదెవరో, ఆ మహానుభావుడికి తోచనే లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా!

మిగిలిన ఒక్కదాన్నీ గురువమ్మకు తెచ్చాడు. బుట్ట ముందు పెట్టి, మెప్పు కోసం నిలబడ్డాడు.

కుక్కపిల్ల వణుకుతోంది. అమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఆమె ముఖం ఎర్రబడింది.

"దీన్ని అడిగావా?"

గుర్నాథం నవ్వాడు. "కుక్కను అడిగేదేముందమ్మా!"

"పెంచగలనో లేదో, నన్నయినా అడిగావా?"

"కానుకంటే చెప్పకుండా ఇవ్వాలి కదమ్మా. అందులోనే ఉంది సరదా."

అమ్మ కుక్కపిల్ల మెడలోని రిబ్బను విప్పింది. గుర్నాథాన్ని వంగమని, అది అతని మెడకు కట్టింది. చెయ్యి పట్టుకుని ఎదురింటికి, మగ్గం నేసే పిచ్చయ్య గుమ్మంలోకి తీసుకెళ్ళింది.

"పిచ్చయ్యా, ఇదిగో మీ పండగ కానుక. ఇంట్లో ఉంచుకోండి" అని వెనక్కి చూడకుండా వచ్చేసింది.

గురువాజ్ఞ కదా, గుర్నాథం అక్కడే ఉండిపోయాడు. పిచ్చయ్య పిల్లలకు సంబరమే సంబరం. ఒకడు నోట్లో జంతిక పెట్టాడు. ఒకమ్మాయి చెవిలో బంతిపువ్వు దోపింది. పిచ్చయ్య భార్య వెంకాయమ్మ కొత్త చాప వేసింది. ఇదీ బానే ఉంది అనుకున్నాడు గుర్నాథం.

అంతలో ఆడపడుచు పిల్లాజెల్లాతో దిగింది. గుర్నాథం చాప నడవలోంచి వసారాలోకి, వసారాలోంచి మగ్గం గుంట పక్కకి జరిగింది. పిల్లలు టపాకాయలు ఎండబెట్టుకోవడంలో పడి అతన్ని మరిచేపోయారు. ఒక పంక్తి లేచింది, రెండో పంక్తీ లేచింది, రా అని పిలిచినవాళ్ళు లేరు. పొద్దుటి జంతిక ఎప్పుడో అరిగిపోయింది.

మధ్యాహ్నం దాటాక వంటింట్లోంచి గుసగుసలు వినిపించాయి.

"అమ్మ ఇచ్చిందని కాదనలేకపోయాం. ఎన్నాళ్ళు ఉంచుకుంటామయ్యా ఈయన్ని?" అంటోంది వెంకాయమ్మ.

"పోనీ, మీ అన్నకి ఇచ్చేద్దామా? వాళ్ళది పెద్ద దొడ్డి కూడాను" అన్నాడు పిచ్చయ్య.

గుర్నాథానికి అరికాలి మంట నెత్తికెక్కింది. రిబ్బను తెంపి పారేసి, ఒక్క అంగలో మఠంలో వచ్చి పడ్డాడు.

"ఏమిటమ్మా ఈ అన్యాయం! నన్నడిగారా? వాళ్ళనడిగారా? ఇంటి దగ్గర మావాళ్ళు నాకోసం చూస్తుంటారని ఒక్కసారైనా తలిచారా? నేనేమన్నా వస్తువునా, ఒకళ్ళ చేతిలోంచి ఇంకొకళ్ళ చేతిలో పెట్టడానికి?"

అమ్మ గుడ్డపేలిక పాలలో ముంచి కుక్కపిల్ల నోటికి అందిస్తోంది. తలెత్తి అతనికేసి చూసింది. ఆ చూపులో దయ లేదు.

"నీకు నోరుంది కాబట్టి వచ్చి అడిగావు" అంది.

వీధిలో ఎవరో పొద్దుండగానే బాంబు కాల్చారు. కుక్కపిల్ల అమ్మ కుచ్చిళ్ళలో తల దూర్చేసింది.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, గుర్నాథం పెద్దవీధిలో కుక్కపిల్లల్ని పంపిన ఇళ్ళకేసి పరుగెత్తాడు.