లేవని మూడు తోకలు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక బడి. బడి అన్నానని గోడలూ గంటా వెతక్కండి. ఒక పెద్ద బండ, దాని ముందు కాస్త ఇసుక, అంతే. బండ మీద పంతులు కూర్చునేవాడు. ఇసుకలో పిల్లలు కూర్చునేవారు. పంతులు పేరు బూదయ్య. ఆయన ఒక ముసలి కొండముచ్చు, త్వరలో బండ దిగిపోదామనుకుంటున్నాడు.

ఆ బడిలో ఒక తీతువు పిట్ట పని నేర్చుకుంటోంది. దాని పేరు ఆదెమ్మ. అది ఇంకా టీచరు కాలేదు, కావాలని ఆశపడుతోంది. అందుకే పిల్లలు దాన్ని టీచరమ్మా అనేవారు కాదు, అక్కా అనేవారు.

తీతువు పిట్టల సంగతి మీకు తెలుసుగా. ఆకాశం మీద పడిపోతుందేమోనని కాళ్ళు పైకెత్తి పడుకుంటాయని అందరూ వాటిని ఏడిపిస్తారు. ఆదెమ్మ అలా పడుకునేది కాదు గానీ, బెంగ మాత్రం దండిగా ఉండేది. ఆకు రాలితే ఉలిక్కిపడేది. ఆ ఏడు దానికి పట్టుకున్న బెంగ ఒక్కటే. పరీక్ష.

ఆ పరీక్ష ఏమిటో చెబుతాను వినండి. ఎండలు ముదిరితే అడవిలో కార్చిచ్చు వస్తుంది. అది రాకముందే పిల్లలకు దారి పాఠం చెప్పాలి. మంట వస్తే బడి నుంచి వాగు దాకా ఎలా వెళ్ళాలో చెప్పే పాఠం అది. టీచరు కావాలన్నా, టీచరుగా ఉండాలన్నా, ఏటా అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి ముందు ఆ పాఠం చెప్పాలి. చివర్లో "అర్థమైందా?" అని అడగాలి. అర్థమైన పిల్లలు తోక పైకెత్తాలి. అన్ని తోకలూ లేస్తే బండ వాళ్ళది. ఒక్క తోక లేవకపోయినా మళ్ళీ ఏడాది దాకా ఆగాలి.

బడిలో ఇరవై మంది పిల్లలు. పదిహేడు తోకలకు ఢోకా లేదు. తంటా అంతా ఆ మూడింటితోనే.

ఒకటి చుంచు పిల్ల. పేరు సింహాద్రి. పేరు కొండంత, పిల్ల వేలెడంత. దానికి చూపు ఆనదు. ముందు కూర్చుంటే ఇసుకలో గీసిన గీతలు కాస్తయినా తెలిసేవేమో. కానీ చుంచు దగ్గర ఒక రకం వాసన వస్తుంది కదా, మిగతా పిల్లలు ముక్కు మూసుకుని దాన్ని వెనక్కి నెట్టేసేవారు.

రెండోది తాబేలు పిల్ల నూకాలు. దాని ఇల్లు మిట్టకు అవతల. తెల్లవారగానే బయలుదేరినా, అది వచ్చేసరికి పాఠం సగం అయిపోయేది.

మూడోది అలుగు పిల్ల పైడి. ఒళ్ళంతా పొలుసులు. భయమేస్తే ఉండలా చుట్టుకుపోవడం అలుగుల అలవాటు. "ఏమ్మా పైడీ" అని పిలిస్తే చాలు, పైడి ఉండయిపోయేది. తోక కూడా ఆ ఉండలోనే. ఇంకెక్కడ ఎత్తుతుంది?

పరీక్ష రేపనగా ఆదెమ్మకు మేత సయించలేదు. ఇసుకలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తోంది. బూదయ్య పంతులు దాన్ని దగ్గరికి పిలిచాడు.

"అమ్మాయ్, నేను ముప్పై ఎండాకాలాలు ఈ బండ మీద కూర్చున్నాను. ఎలా కూర్చున్నాననుకున్నావు? పెద్దాయనకి ఇప్పపూలంటే ప్రాణం. రేపు పొద్దున్నే ఆ ముగ్గురినీ పూలు ఏరుకురమ్మని పంపెయ్."

"మరి వాళ్ళకి దారి పాఠం ఎలాగండీ?" అంది ఆదెమ్మ.

"తర్వాత చెప్పుకో. ఎవరు వద్దన్నారు?"

ఆదెమ్మకు అది మంచి పని అనిపించలేదు. అనిపించలేదు గానీ, కాదనడానికి నోరూ రాలేదు. ఆ సాయంత్రమంతా తనకు తానే సర్ది చెప్పుకుంది. ఒక్క రోజేగా. బండ దొరకనీ, ఆ తర్వాత ఏడాదంతా వాళ్ళకే చెబుతాను. బండే దొరక్కపోతే ఎవరికి చెప్పగలను? మనం తప్పు చేయబోయే ముందు ఇలాంటి మాటలు ఎన్ని దొరుకుతాయో చూడండి.

మర్నాడు పొద్దున్నే ఆదెమ్మ ఇసుక దగ్గరికి వచ్చింది. ఎవరూ రాకముందే అక్కడ ఒక పిల్ల కూర్చుని ఉంది. చూస్తే నూకాలు.

"ఇంత పొద్దున్నే ఎలా వచ్చావే?" అంది ఆదెమ్మ.

"నిన్న ఇంటికి వెళ్ళలేదక్కా. ఆ పొదలోనే పడుకున్నాను. దారి పాఠం మొదటి నుంచీ విందామని" అంది నూకాలు.

అంతలో సింహాద్రి, పైడి కూడా వచ్చారు. ఆదెమ్మ నూకాలు వైపు చూడకుండానే చెప్పాల్సింది చెప్పేసింది. ముగ్గురూ ఇప్పచెట్ల దాకా వెళ్ళి పూలు తేవాలి అంది.

"ఇవాళ దారి పాఠం కదక్కా?" అని సింహాద్రి అడిగింది.

"మీకు తర్వాత చెబుతాను."

"తప్పకుండా చెబుతావా?"

"చెబుతానన్నాను కదా" అని ఆదెమ్మ విసుక్కుంది. విసుగు వాళ్ళ మీద కాదు. తన మీద తనకే.

పైడి ఏమీ అడగలేదు. ఒకసారి ఉండలా చుట్టుకుంది, మళ్ళీ విప్పుకుంది, ఆకుదొప్ప నోట కరుచుకుని బయలుదేరింది. నూకాలు ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆదెమ్మ మాత్రం ఇసుక వైపే చూస్తూ నిలబడింది.

ఎండెక్కాక ఎలుగుబంటి పెద్దాయన వచ్చాడు. ఆదెమ్మ కాలితో ఇసుకలో చక్కగా బొమ్మ గీసింది. "ముందు వంగిన మద్దిచెట్టు. తర్వాత ఎర్ర పుట్ట. తర్వాత చీలిన బండ. అది దాటి పల్లంలోకి దిగితే వాగు" అని పొల్లుపోకుండా చెప్పింది. చివర్లో "అర్థమైందా?" అని అడిగింది.

కుందేలు పిల్ల తోకెత్తింది. దాన్ని చూసి ఉడుత పిల్ల ఎత్తింది. దాన్ని చూసి ముంగిస పిల్ల ఎత్తింది. నవ్వకండి, మీ క్లాసులోనూ జరిగేది ఇదే. క్షణంలో పదిహేడు తోకలూ లేచాయి.

"పిల్లలందరూ వచ్చారా?" అని పెద్దాయన అడిగాడు.

బూదయ్య పంతులు చిన్నగా దగ్గాడు. నిజం చెప్పడానికి అదే సమయం.

"వచ్చారండి" అంది ఆదెమ్మ.

"అయితే బండ నీదేనమ్మా" అన్నాడు పెద్దాయన.

ఆదెమ్మ బండెక్కి కూర్చుంది. ఎన్నాళ్ళ కలో అది. కానీ కూర్చుని ఊపిరి లోపలికి పీల్చగానే దానికి పొగ వాసన తగిలింది. తల తిప్పి చూస్తే ఇప్పచెట్ల వైపు ఆకాశం మసకగా ఉంది.

ఆ ముగ్గురికీ దారి తెలియదు. తెలియకుండా చేసింది తనే.

"మంట" అని ఒక్క కేక పెట్టి ఆదెమ్మ ఎగిరింది. పిల్లల్ని చూసుకోవడానికి పెద్దవాళ్ళిద్దరున్నారు. ఆ ముగ్గురి దగ్గర ఎవరున్నారు? రెక్కలు ఎంత ఆడించినా దూరం తరగడం లేదు. బతికుంటారా? పారిపోయి ఉంటారా? ఎటు పారిపోతారు, పాపం? ఇన్నాళ్ళూ దాని బెంగంతా బండ గురించే. ఇప్పుడు ఆ బండ ఊసైనా గుర్తు రావడం లేదు.

ఇప్పచెట్ల కింద ముగ్గురూ ఉన్నారు. ఎండుగడ్డి అంటుకుని మంట మెల్లగా వాళ్ళ వైపే వస్తోంది. ఆదెమ్మ పైనుంచే అరిచింది.

"మద్దిచెట్టు వైపు పరిగెత్తండి."

"ఏ చెట్టక్కా? నాకు పొగా చెట్టూ ఒక్కలాగే ఉన్నాయి" అంది సింహాద్రి.

పైడి ఉండయిపోయింది. నూకాలు తల డిప్పలోకి లాక్కుంది.

గాలిలో ఉండి చెప్పే పాఠం వాళ్ళకి అందదని ఆదెమ్మకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఇసుకలో గీసిన బొమ్మలు కూడా ఇలాగే అందలేదు. అది కిందికి దిగి రెక్కలు ముడుచుకుంది.

"సింహాద్రీ, నా తోక పట్టుకో."

"మా అమ్మ వెనకాల మేమూ ఇలాగే నడుస్తాం" అంటూ సింహాద్రి దాని తోక ఈక నోటితో పట్టుకుంది.

ఆదెమ్మ పైడి పక్కకు వంగింది. ఈసారి పేరు పెట్టి గట్టిగా పిలవలేదు. "నాకూ చాలా భయంగా ఉందమ్మా. మిమ్మల్ని పూలకి పంపడం నా తప్పు. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను" అని మెల్లగా చెప్పింది.

ఉండ కొంచెం విచ్చుకుంది. అందులోంచి ముక్కు బయటికి వచ్చింది.

"వాసనొస్తోంది" అంది పైడి.

"పొగేనమ్మా."

"పొగ కాదు, సింహాద్రి. ఆ వాసన పట్టుకుని నేను రాగలను."

అలా బయలుదేరారు. ముందు ఆదెమ్మ, దాని తోక పట్టుకుని సింహాద్రి, ఆ వాసన వెంట పైడి, పైడి తోకను నోటితో గట్టిగా కరుచుకుని నూకాలు. మద్దిచెట్టు దగ్గర ఆదెమ్మ ఆగింది. సింహాద్రి బెరడు వాసన చూసి గుర్తుపెట్టుకుంది. ఎర్ర పుట్ట దగ్గర పైడి గోళ్ళతో తడిమింది. వెనక మంట చిటపటమంటోంది. ఆదెమ్మ నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి ముగ్గురూ ఉన్నారో లేదో చూసుకుంటోంది.

చీలిన బండ దగ్గర చూసేసరికి ఇద్దరే ఉన్నారు.

నూకాలు అలసిపోయి తోక వదిలేసింది. పది అడుగుల వెనక పొగలో ఆగిపోయి ఉంది. "మీరు వెళ్ళండి. నేను ఎప్పుడూ ఆలస్యమేగా" అంది నూకాలు.

"ఆగుదాం" అని సింహాద్రి అంది. ముగ్గురూ వెనక్కి వెళ్ళారు. అప్పటికే ఒక నిప్పురవ్వ నూకాలు డిప్ప మీద పడి కాలుతోంది. ఆదెమ్మ రెక్కతో కొట్టి దాన్ని ఆర్పింది. ముందు నుంచి ఒకరు లాగుతూ, వెనక నుంచి ఇద్దరు తోస్తూ నూకాలును చీలిన బండ దాటించారు. పల్లం అంచుకు వచ్చాక పైడి నూకాలును పొట్టకు అదుముకుని ఉండలా చుట్టుకుంది. ఆ ఉండ దొర్లుకుంటూ పోయి వాగులో పడింది. ఆదెమ్మ, సింహాద్రి వెనకే దిగారు. నీళ్ళలో పైడి విచ్చుకోగానే నూకాలు తల బయటపెట్టింది. అప్పుడు గానీ ఆదెమ్మకు ప్రాణం లేచిరాలేదు.

కాసేపటికి పెద్దాయన, బూదయ్య పంతులు మిగతా పిల్లల్ని తోలుకుంటూ వచ్చారు. పెద్దాయన రొప్పుతున్నాడు.

"పదిహేడు మందీ తలో దిక్కుకి పరిగెత్తారమ్మా. వీళ్ళని పోగేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది" అన్నాడు. అంతలో ఆయన చూపు తడిసిన ఆ ముగ్గురి మీద పడింది. "వీళ్ళెవరు?"

"మా బడి పిల్లలేనండి" అంది ఆదెమ్మ. "అందరూ వచ్చారని అబద్ధం చెప్పాను. వీళ్ళ తోకలు లేవవని నేనే పంపేశాను. బండ నాకు వద్దండి."

పెద్దాయన కుందేలు పిల్ల వైపు తిరిగాడు. "నువ్వే కదా ముందు తోకెత్తింది. వాగుకి దారి చెప్పు."

కుందేలు పిల్ల తల వంచుకుంది. ఉడుత పిల్ల, "అది ఎత్తిందని నేను ఎత్తానండి" అంది.

"మీరు చెప్పగలరా?" అని పెద్దాయన ఆ ముగ్గురినీ అడిగాడు.

"ముందు మద్దిచెట్టు. బెరడు వగరు వాసన" అంది సింహాద్రి. "తర్వాత పుట్ట" అంది పైడి. అంతమందిలో పైడి గొంతు వినడం అందరికీ అదే మొదలు. "తర్వాత చీలిన బండ, తర్వాత పల్లం" అంది నూకాలు.

బూదయ్య పంతులు వాగు ఒడ్డున దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. ముప్పై ఎండాకాలాల్లో తను పూలకి పంపిన పిల్లల మొహాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయేమో, ఆ రోజు తర్వాత ఆయన మళ్ళీ బండ ఎక్కలేదు.

"బండ నీకు ఇవ్వలేనమ్మా. బడి మాత్రం వదలకు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాను" అని పెద్దాయన ఆదెమ్మతో అన్నాడు.

అన్నట్టే మరుసటి ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో వచ్చాడు. బండ ఖాళీగా ఉంది. ఇసుకలో ఎవరూ లేరు. వెతుక్కుంటూ వెళితే మద్దిచెట్టు దారిలో కనిపించారు. ఇరవై మంది పిల్లలూ ఒకరి తోక ఒకరు పట్టుకుని నడుస్తున్నారు. అందరికన్నా ముందు, డిప్ప మీద నల్లటి మచ్చతో నూకాలు. బడి మొత్తం తాబేలు నడకనే నడుస్తోంది. చుంచు వాసనకు ఎవరూ ముక్కు మూసుకోవడం లేదు. చిట్టచివర ఆదెమ్మ, ఎప్పటిలాగే బెంగగా, నాలుగడుగులకోసారి ఇరవై తలలూ చూసుకుంటోంది.

పెద్దాయన వాళ్ళ వెనకే నడిచాడు. వాగు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఇరవై మందీ చేరారు.

"బండ ఇక నీదేనమ్మా. వెళ్ళి కూర్చో" అన్నాడాయన.

"వద్దండి. అక్కడ కూర్చుంటే చివరి పిల్ల కనబడదు" అంది ఆదెమ్మ.

పైడి దాని పక్కకు వచ్చి నిలబడింది. "టీచరమ్మా, ఇంకోసారి నడుద్దామా?" అని అడిగింది.

నీతి: వెనకబడ్డ పిల్లల్ని కనబడకుండా దాచి బడికి మంచి పేరు తేవచ్చు గానీ, ఆ పిల్లలు కూడా చేరేదాకా ఆగి నడిచిందే అందరి బడి.