మబ్బునీళ్ళ ఇస్త్రీపెట్టె

అనగా అనగా, మబ్బులు వీధుల్లో నడిచే ఊరొకటి ఉండేదట. కొండమీద ఊరు. పొద్దున్నే తలుపు తీస్తే గడప అవతల మబ్బు కుక్కపిల్లలా ముడుచుకుని పడుకుని ఉండేది. దాన్ని చీపురుతో కాస్త పక్కకి జరిపి ముగ్గేసుకునేవారట ఆడవాళ్ళు. ఊరి పేరు మబ్బులపాడు. దానికో రాజు, పేరు పెద్దిరాజు. రాజంటే మరీ పెద్ద రాజేం కాదర్రా. ఆయన మేడమీద నించుని తుమ్మితే, రాజ్యం పొలిమేరలో మేకలు కాసుకునేవాడు 'చిరంజీవ' అనేవాడు. అంతే రాజ్యం.

ఊ కొడుతున్నారా? కొట్టండి. ఊ కొట్టకపోతే కథ దారి తప్పి పక్కింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ రాజుగారింట్లో ఎవరెవరున్నారంటే, రాజుగారి అక్క గవరమ్మ ఉంది. కొడుకు రాయుడున్నాడు. వాడు మంచివాడే, బుర్రలో మాత్రం కాస్త మబ్బు. వాడి పెళ్ళాం తాయారు. ఈ కథంతా ఆ పిల్లదే. ఇంక రాజుగారి కూతురు మందార, పెళ్ళీడు పిల్ల. రాణిగారు మాత్రం లేరు. మందారకి నడకైనా రాని రోజుల్లోనే ఆవిడ పోయింది. పిల్లకి అమ్మ మొహం కూడా గుర్తులేదు పాపం.

రాణిగారి పెళ్ళిచీర ఒకటి భోషాణంలో ఉండేది. వంకాయరంగు పట్టుచీర, అంచునిండా జరీ మామిడిపిందెలు. మడతల్లో మొగలిరేకులు పెట్టి దాచారు. ఆ భోషాణం తాళంచెవి రాజుగారి మొలతాడుకే ఉండేది, స్నానానికెళ్ళినా తీసేవాడు కాదు. ఎందుకంటే, రాణిగారు పోయిన కొత్తలో గవరమ్మ ఆవిడ శాలువాని బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేయబోయింది. నిప్పురవ్వ పడి, నడిమధ్యన చిల్లు పడింది. ఆ రోజు రాజు ఎవర్నీ ఏమీ అనలేదు. తక్కినవన్నీ భోషాణంలో పెట్టి తాళం వేసుకున్నాడు. గవరమ్మ మళ్ళీ ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. ఆ ఇంట్లో అందరూ ముడతల బట్టలే కట్టుకునేవారు, రాజుగారితో సహా.

మందారకి పెళ్ళి కుదిరింది. కుదిరాక ఆ పిల్ల ఒకటే మాట అందట, అమ్మ చీర కట్టుకునే పీటలమీద కూర్చుంటాను, లేకపోతే కూర్చోను అని. రాజు రెండుపూటలు అన్నం సరిగ్గా తినలేదు. మూడోపూట భోషాణం తెరిచాడు. చీర బయటికి తీస్తే ఏముంది, ఇన్నేళ్ళు మడతల్లో పడుండి ఎండిన చెరువు నెర్రెల్లా ముడతలు. మడత దగ్గర గట్టిగా లాగితే చిరిగేట్టుంది. బొగ్గుల పెట్టె పెడితే ఇంతే సంగతులు. రాజు చీర తీసుకెళ్ళి మళ్ళీ భోషాణంలో పెట్టేశాడు.

మందార గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి ఏడుపు వినిపించలేదు. తాయారుకి అదే భయమేసింది. ఏడ్చే మనిషినైతే ఓదార్చొచ్చు.

కొండకింద సంతలో ఆవిరి ఇస్త్రీపెట్టెలొచ్చాయని తాయారు ఎక్కడో వింది. రాజుల కాలంలో కరెంటు ఎక్కడిదే అమ్మమ్మా అని అడక్కు పండూ. మబ్బుల్లో మెరుపులుంటాయి కదా, మబ్బులపాడులో కరెంటుకి కరువేంటి?

మొగుణ్ణి సంతకి పంపింది. రాయుడు వెళ్ళి నెమలిపింఛం రంగు పెట్టె ఒకటి చంకనెట్టుకుని వచ్చాడు, ఎంత బావుందో చూడమన్నాడు. చూడ్డానికి బావుంది. దాని నీళ్ళు దాని కడుపులోనే పోయాలి. ఆ కడుపు పట్టేది గ్లాసుడు. తాయారు ఒక తువ్వాలు చేసేసరికి నీళ్ళయిపోయాయి. మళ్ళీ పోసింది, రెండో తువ్వాలు సగంలో ఆగిపోయింది. నీళ్ళు నిండా ఉంటే చేతికి బరువు, ఖాళీ అయితే ఆవిరి లేదు. తొమ్మిది గజాల చీరకి ఎన్ని సార్లు ఆగాలి? ఆగినప్పుడల్లా పెట్టె చల్లారి నీళ్ళు కారుతుంది కూడాను. రాయుడు తలగోక్కున్నాడు. నెమలి రంగు బావుంది కదా అని చూశానన్నాడు.

మర్నాడు తాయారు తనే బయల్దేరింది. మబ్బులోంచి దిగుతూ దిగుతూ వెళ్తుంటే, ముందు కాళ్ళు కనిపించాయట, తర్వాత దారి కనిపించింది, తర్వాత సంత కనిపించింది. ఇస్త్రీపెట్టెల వర్తకుడు ఆకుపచ్చవి, ఎర్రవి, బంగారు పిడివి అన్నీ ముందు పరిచాడు. ఆవిడ రంగు చూడలేదు. ఒక్కోటి ఎత్తి చూసింది. కడుపెంత అని అడిగింది. గొట్టమెంత అని అడిగింది. అడుగు నున్నగా ఉందా అని అరచేత్తో రాసి చూసింది. నీళ్ళు మిగిలితే పారబోసే దారుందా అంది. వర్తకుడు ఒకటి చూపించాడు. దానికి చేతిలో పట్టే పెట్టె చిన్నది, తేలిక. నీళ్ళ తొట్టి వేరే, పక్కన కూర్చుంటుంది. రెంటికీ మధ్య పొడుగాటి గొట్టం. తొట్టిలో నీళ్ళు కాగి, ఆవిరి గొట్టంలోంచి నడిచొచ్చి, పెట్టె అడుగు చిల్లుల్లోంచి బుస్సుమంటుంది. మీట నొక్కితేనే వస్తుంది, వదిలితే ఆగుతుంది.

'తొట్టి కాస్త చోటు తింటుందమ్మా, ముందే చెబుతున్నా' అన్నాడు వర్తకుడు.

'చోటుకేం, మా ఇంట్లో గదులు ఖాళీగానే ఉన్నాయి' అందట తాయారు. అని ఆ పెట్టె నెత్తిమీద పెట్టుకుని మబ్బులోకి ఎక్కిపోయింది.

ఊ?

ఇంటికొచ్చాక ఆత్రం ఆగుతుందా? బావిలో నీళ్ళు తోడి తొట్టిలో పోసింది. చీర తీయలేదు సుమా, తన పాత పరికిణీ ఒకటి పరిచింది. ఆ బుద్ధి ఉంది. కానీ ఆగే ఓపిక లేకపోయింది. నీళ్ళు కాగాయని చెప్పే తొట్టి మీది దీపం వెలక్కుండానే మీట నొక్కేసింది. నీళ్ళు జలజలా కారాయి. కాసేపాగి మళ్ళీ నొక్కింది. ఈసారి ఆవిరొచ్చింది, ఆవిరితోపాటు తెల్లటి పెచ్చులొచ్చాయి. మబ్బులపాడు బావినీళ్ళు అలాంటివి, బిందె కాచినా అడుగున సున్నం కడుతుంది. పరికిణీనిండా తెల్లమచ్చలు.

సరిగ్గా అప్పుడే గవరమ్మ అటు వచ్చింది. గదిలో తెల్లగా ఏదో బుసకొడుతోంది, మధ్యలో కోడలి తల మాత్రం తేలుతోంది. దయ్యమనుకుంది ముసలావిడ. అక్కడే కూలబడిపోయి తమ్ముణ్ణి కేకేసింది. రాజు పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. పరికిణీ మీద మచ్చలు చూశాడు, నీళ్ళు చూశాడు.

'ఇంక చాలమ్మా' అన్నాడు.

'మావయ్యగారూ, ఇది నా పరికిణీ. చీర నేను ముట్టుకోలేదు.'

'తెలుసు. నువ్వు జాగ్రత్తగల పిల్లవే. మా అక్క కూడా జాగ్రత్తగల మనిషే.' ఆయన గొంతు పైకి లేవలేదు. 'చీర పోతే ఇంకో చీర నేయించుకోవచ్చు తల్లీ. అందులో మీ అత్తగారి వాసనుంది. అది కాలిపోతే ఎక్కణ్ణించి తెస్తావు?'

తాయారు ఏం చెబుతుంది? తేలేదు కదా.

ఆ రాత్రి ఆ పిల్ల సరిగ్గా నిద్రపోలేదు. తెల్లారగట్ల లేచి వాకిట్లోకొస్తే, నిన్న దండెం మీద మరిచిపోయిన దుప్పటి మబ్బులో తడిసి బరువుగా వేలాడుతోంది. కొసలనుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుతున్నాయి. కింద ఇత్తడి చెంబొకటి పడుంది, అందులోకి పడుతున్నాయి. తాయారు చెంబెత్తి నీళ్ళు నోట్లో పోసుకుంది. ఏ రుచీ లేదు. ఉప్పు లేదు, సున్నం లేదు. ఆ నీళ్ళే గిన్నెలో పోసి పొయ్యిమీద కాచి చూసింది. గిన్నె అడుగున ఒక్క మచ్చ లేదు.

గవరమ్మ గుమ్మంలో నించుని చూస్తూనే ఉంది. ఏమిటే అంది. మబ్బునీళ్ళు పెద్దత్తయ్యగారూ అంది తాయారు. ముసలావిడ ఏమనుకుందో ఏమో, లోపలికెళ్ళి ఉతికిన దుప్పట్లన్నీ తెచ్చింది. ఇద్దరూ కలిసి దండేలనిండా ఆరేశారు. మబ్బు వచ్చి దుప్పట్లలో నడిచింది. ఇద్దరూ దుప్పట్లు పిండారు. పిండుతూ పిండుతూ, ఉన్నట్టుండి గవరమ్మ, 'ఆ శాలువా నేను కావాలని కాల్చలేదే' అంది. 'నాకు తెలుసండీ' అంది తాయారు. అంతే, మళ్ళీ పిండారు.

నీళ్ళు లేకపోతే ఆవిరి లేదు. ఆవిరి లేకపోతే ముడత పోదు. ముడత పోకపోతే చీర లేదు. చీర లేకపోతే పెళ్ళి లేదు. పెళ్ళి లేకపోతే మనకి పూర్ణాలు లేవు. ఏదీ, అనండి? నీళ్ళు లేకపోతే? ఆఁ.

బిందెడు మబ్బునీళ్ళయ్యాయి. తాళంచెవి అడగడానికి ఈసారి గవరమ్మే వెళ్ళింది. ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో ఎవరికీ తెలీదు. రాజు మాత్రం భోషాణం తెరిచి చీర చేతుల్లో పట్టుకుని తనే తెచ్చాడు. మందార కూడా తలుపు తీసుకుని వచ్చింది. అందరూ ఆ గదిలోనే కూర్చున్నారు.

తాయారు ఈసారి తొందరపడలేదు. బల్లమీద మెత్తగా దుప్పటి మడతేసి, దానిమీద చీర తిరగేసి పరిచింది, జరీ కిందికొచ్చేట్టు. పైన పల్చటి తెల్లగుడ్డ కప్పింది. తొట్టిలో మబ్బునీళ్ళు పోసింది, తొట్టి మీది గీత దాటకుండా. పట్టుకి తగ్గట్టు వేడి తగ్గించింది. దీపం వెలిగేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. దీపం వెలిగాక మొదటి ఆవిరి ఉత్త గాల్లోకి వదిలింది. గొట్టంలో ఉన్న నీటిబొట్లు దాంతో పోయాయి. అప్పుడు పెట్టె తీసుకుని, గుడ్డకి తగిలీ తగలకుండా పైన పట్టుకుని మీట నొక్కింది. బొగ్గుల పెట్టెలా అదిమి తోయలేదు. ఆవిరి దిగింది. వేలెడు మేర ముడత మెల్లగా ఊపిరి వదిలినట్టు సర్దుకుంది. పెట్టె కాస్త జరిపింది. ఇంకో ముడత. ఇంకో ముడత.

అప్పుడొచ్చిందర్రా వాసన. ముందు మొగలిరేకులు, తర్వాత కాస్త కర్పూరం. వాటి వెనకాల ఇంకేదో వెచ్చటి వాసన, మనిషిది. గది గదంతా తెల్లటి ఆవిరి, ఆ ఆవిరినిండా ఆ వాసన. రాజు కళ్ళు మూసుకున్నాడు.

'నాన్నా, అమ్మేనా?' అంది మందార.

రాజు తలూపాడు.

చీర సగానికి పైగా అయ్యింది. అంతలో తాయారు చెయ్యి ఆగిపోయింది. కుచ్చిళ్ళ దగ్గర మడతలు వేరేగా ఉన్నాయి. అవి భోషాణం మడతలు కావు. ఒకదాని పక్కన ఒకటి, సన్నగా, సమంగా ఉన్నాయి. ఎవరో వేళ్ళతో పెట్టినవి. రాణిగారు ఆఖరుసారి చీర కట్టుకున్నప్పుడు పెట్టుకున్న కుచ్చిళ్ళు.

రాజు లేచొచ్చి చూశాడు. 'ఇవి ఉండనీ తల్లీ' అన్నాడు. 'ఇవి ఆవిడ చేతివి.'

తాయారు మీట వదిలేసింది. తీస్తే అత్తగారి చేతి గుర్తు పోతుంది. ఉంచితే ఆ పాత మడతల్లోనే పట్టు చిట్లుతుంది, పీటలమీద కూర్చోగానే చిరుగుతుంది. ఆ సంగతి మావగారికి ఎలా చెప్పడం? చెప్పకుండా ఎలా? మందార వైపు చూసింది.

మందార బల్ల దగ్గరికొచ్చి, ఆ మొదటి మడత గాడిలో తన వేలు పెట్టింది. ఆ కొసనుంచి ఈ కొసదాకా మెల్లగా నడిపించింది. అమ్మ వేలు ఎక్కడెక్కడ నడిచిందో అక్కడక్కడే. 'ఇది చూశాను వదినా. ఇంక తియ్యి' అంది. వేలు తీశాక తాయారు ఆవిరి పట్టింది. ఆ మడత పోయింది. మందార రెండోదానిలో వేలు పెట్టింది.

అప్పుడు రాజు మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో రాణిగారి గురించి ఆ ఇంట్లో ఒక్క కబురైనా చెప్పని మనిషి. మీ అమ్మ కుచ్చిళ్ళు పెట్టుకుంటూ కూనిరాగం తీసేదమ్మా అన్నాడు. ఇంకో మడత దగ్గర, మీ అమ్మకి ఎడమచేతి వాటం అన్నాడు. ఇంకోదాని దగ్గర, నువ్వు పుట్టినప్పుడు మబ్బు కిటికీలోంచి లోపలికొచ్చిందని నవ్విందన్నాడు. మందార వేలు నడిపిస్తోంది, తాయారు ఆవిరి పడుతోంది, రాజు చెబుతున్నాడు. ఒక మడత పోయేది, ఒక మాట వచ్చేది. గవరమ్మ గోడకి చేరగిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఆయన మర్చిపోయినవి అందిస్తోంది.

ఆఖరి మడత పోయేసరికి చీర తళతళా మెరిసిపోయింది. తాయారు దాన్ని వెంటనే మడవనివ్వలేదు. వెచ్చగా ఉన్నప్పుడు మడిస్తే మళ్ళీ ముడతే. చల్లారేదాకా దండెం మీద వెయ్యమంది. పెట్టె చల్లారాక తొట్టిలో మిగిలిన నీళ్ళు గులాబీ మొక్కకి పోసింది. గొట్టం చుట్టి పక్కన పెట్టింది.

పెళ్ళిరోజు మందార ఎడమచేత్తో కుచ్చిళ్ళు పెట్టుకుంది. ఆ పిల్లది కుడిచేతి వాటమే, అయినా ఎడమచేత్తోనే పెట్టుకుంది. కాస్త వంకరగా వచ్చాయి. ఎవరూ సరిచెయ్యలేదు. ఊరు ఊరంతా పూర్ణాలు తిన్నారు. రాజుగారు మడత నలగని పంచె కట్టుకుని కన్యాదానం చేశాడు. గవరమ్మ ఆ పంచెకి తనే ఆవిరి పట్టిందట. రాయుడు తొట్టిలో మబ్బునీళ్ళు పోశాడట, గీత చూసుకుని మరీ.

అందుకే చెబుతాను, ముడతని అదిమితే పోదర్రా. కాస్త వెచ్చదనం చూపించాలి, కాస్త తడి చూపించాలి, ఓపిగ్గా ఉండాలి. అది చీరకైనా, మనిషికైనా.

నిత్యా, ఊ కొట్టడం మానేశావేం? పండూ? నిద్రపోయారా నా తల్లులు. సరే. కథ కంచి దారి పట్టింది, మీరు కలల దారి పట్టండి, నేను దుప్పటి కప్పేస్తాను.