తాంబూలంలో పాస్‌వర్డ్

అనగనగా ఒక అడవి ఉండేది. దాంట్లో అన్ని చెట్లకన్నా పొడుగ్గా ఒక సెల్ టవర్ ఉండేది. టవర్ వచ్చాక ఆ అడవిలో ఎవరికీ పని లేకుండా పోయింది. తీరిక కూడా లేకుండా పోయింది. ఎలుగుబంటి తేనె పట్టడం మానేసి, తేనె ఎలా పట్టాలో వీడియోల్లో చూస్తూ కూర్చునేది.

ఆ అడవిలో సుభద్రమ్మ అనే కుందేలు ఉండేది. ఆమెకు ముగ్గురు పిల్లలు. మల్లి, మొల్ల, మొగలి. మొగలి అందరికన్నా చిన్నది. ఎవరు పిలిచినా ముందు పరిగెత్తేది అదే.

సుభద్రమ్మ రోజూ వాగు దాటి మేతకు వెళ్ళాలి. పిల్లలు బొరియలో ఉండాలి. ఆ బొరియ నోరు చాలా ఇరుకు. అడవి పిల్లి పంజా దూరుతుంది గానీ తల దూరదు. కాబట్టి పిల్లలు లోపల ఉన్నంతసేపూ భయం లేదు. అయినా తల్లి మనసు ఊరుకోదు కదా. అందుకని ఆమె ఇంటికి నెట్టు పెట్టించుకుంది.

పెట్టినవాడు కోతి చలమయ్య. చలమయ్య ఒకసారి టవర్ మీది నుంచి కిందపడ్డాడు. కట్టు విప్పిన రోజు నుంచి ఇంజనీరు అయ్యాడు. పైనున్న తీగలన్నీ చూసి వచ్చినవాడు అడవిలో ఇంకెవరూ లేరు మరి. ఆయన బొరియ బయట బండ మీద నెట్టు పెట్టె పెట్టాడు. లోపల కెమెరా బిగించాడు. దానికి చూసే కన్ను, వినే చెవి, మాట్లాడే నోరు, మూడూ ఉన్నాయి. పెట్టెకు, కెమెరాకు ఒకటే పాస్‌వర్డ్ పెట్టాడు. రెండు గుర్తుంచుకోవడం ఆయనకు కష్టం.

సుభద్రమ్మ వాగు అవతల మేస్తూ ఫోన్లో పిల్లల్ని చూసుకునేది. తిరిగి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక కెమెరాలో పిలిచేది. "బయటికి రండర్రా, చిగుళ్ళు తెచ్చాను." ఆ పిలుపు వింటేనే పిల్లలు బయటికి రావాలి. అది ఇంటి కట్టుబాటు.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత పిల్లలు ముగ్గురికీ కలిపి, కాస్త ఆలస్యంగా, బారసాల వచ్చింది.

ఆ అడవిలో చుట్టాలు ఇంటికొస్తే మంచినీళ్ళ కన్నా ముందు పాస్‌వర్డ్ అడుగుతారు. చెప్పకపోతే మర్యాద లేని ఇల్లు అంటారు. వచ్చేది అరవై కుటుంబాలు. అందరికీ నోటితో చెప్పే ఓపిక లేక సుభద్రమ్మ ఒక ఉపాయం చేసింది. తాంబూలంలో రెండు ఆకులు, ఒక వక్క, ఒక అరటిపండు, వాటితోపాటు ఒక చీటీ పెట్టింది. చీటీ మీద పాస్‌వర్డ్ రాసి ఉంది. మల్లిమొల్లమొగలి. చీటీ లేకపోయినా ఊహించగలిగే మాట. అయినా చీటీ కూడా ఇచ్చింది.

అందరూ మెచ్చుకున్నారు. నెమలి నాగభూషణం తనకొకటి, తన తోకకొకటి అని రెండు తాంబూలాలు పట్టుకెళ్ళాడు. అడవి పంది నరసమ్మ అరటిపండు తొక్కతో సహా అక్కడే తినేసి, చీటీ మాత్రం జాగ్రత్తగా దాచుకుంది.

ఇరుగుపొరుగులో ఆ బారసాలకు పిలుపు అందనిది ఒక్కడికే. తొండ పాపయ్యకు. నిజానికి అతను పక్కింటివాడే. కంచె మీద ఉంటాడు. కానీ శుభకార్యంలో తొండ మొహం ఎవరు చూస్తారు? ఆ మాట అన్నది నరసమ్మ. ఆమె మొహం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పది రోజులు గడిచాయి. ఒకరోజు ఫోన్లో బొమ్మ ఆగి ఆగి రావడం మొదలుపెట్టింది. ఎవరో మన నెట్టు వాడుతున్నారు కాబోలు అని సుభద్రమ్మ సరిపెట్టుకుంది. రెండో రోజు కెమెరా దానంతటదే తిరిగి బొరియ నోటి వైపు చూస్తూ నిలబడింది. మూడో రోజు ఆమె ఇంటికి రాగానే మొగలి అడిగింది.

"అమ్మా, మధ్యాహ్నం కెమెరాలో దగ్గావు. నీకు జలుబు చేసిందా?"

సుభద్రమ్మ ఆ రోజు దగ్గలేదు.

వెంటనే చలమయ్యను పిలిపించింది. ఆయన వెనక పిలవనివాళ్ళు కూడా వచ్చారు. ఇంకొకరి ఇంట్లో కష్టం అంటే మన అడవి ఎప్పుడూ ఖాళీ చేసుకుని వస్తుంది. చలమయ్య పెట్టెను ఎత్తి చూశాడు, దించి చూశాడు, వాసన కూడా చూశాడు. ఎవడో హ్యాకర్ దూరాడని తేల్చాడు. హ్యాకర్ అనేవాడు ఎప్పుడూ పెట్టె దగ్గరలోనే ఉంటాడని కూడా చెప్పాడు.

అందరూ తలలు ఎత్తారు. కంచె మీద పాపయ్య తల ఊపుతూ కనిపించాడు. తొండలన్నీ ఊపుతాయి. కానీ ఆ రోజు చలమయ్యకు అది వేరేగా కనిపించింది. ఒక్కో అక్షరానికి ఒక్కో ఊపు అని ఆయన అందరికీ వివరించాడు. పాపయ్యకు అసలు ఫోనే లేదని ఎవరో అన్నారు. లేదంటే దాచాడన్నమాటే అన్నాడు నాగభూషణం.

పాపయ్య కంచె దిగి వచ్చాడు.

"సుభద్రమ్మా, ఆ పెట్టె వెచ్చగా ఉంటుందని పొద్దున పూట దాని పక్కన పడుకుంటాను. అంతకుమించి దాంతో నాకు పని లేదు. కానీ ఒకటి చెబుతాను విను. నువ్వు వాగు దాటగానే లోపల కెమెరా కిర్రుమని తిరుగుతోంది. నువ్వే తిప్పుతున్నావనుకున్నాను."

"నేను తిప్పలేదు."

"అయితే పాస్‌వర్డ్ మార్చు. ఇవాళే మార్చు."

మార్చడానికి ఎంతసేపు పడుతుందని ఆమె చలమయ్యను అడిగింది. రెండు నిమిషాలని చెప్పాడు. సుభద్రమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. అప్పుడు నరసమ్మ గొంతు సవరించుకుంది.

"మార్చుకో వదినా. తాంబూలంలో పెట్టి ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టు ఉంటుంది, అంతేగా. అరవై ఇళ్ళవాళ్ళనీ దొంగలన్నట్టు ఉంటుంది, అంతేగా. మేమేమీ అనుకోంలే."

ఏమీ అనుకోమని నరసమ్మ అంటే మూడు తరాల దాకా అనుకుంటారని అర్థం. సుభద్రమ్మకు ఆ సంగతి తెలుసు. ఒక పక్క అరవై కుటుంబాలు. ఒక పక్క ఒక తొండ. పిల్లలారా, ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. ఫోను కింద పెట్టింది.

"పాపయ్యా, నువ్వు ఇక్కడి నుంచి వెళ్ళిపో," అంది.

అతను కదిలేలోపే ఎవరో రాయి విసిరారు. ఎవరని అడిగితే అందరూ పక్కవాళ్ళను చూపించారు. రాయి కాలికి తగిలింది. పాపయ్య కుంటుకుంటూ వాగు వైపు వెళ్ళిపోయాడు. ఆ అడవి మొత్తంలో పాస్‌వర్డ్ తెలియనివాడు అతనొక్కడే. దొంగ అనిపించుకున్నదీ అతనే.

రెండు రోజులు కెమెరా తిరగలేదు. దగ్గు వినపడలేదు. పీడ వదిలిందని అందరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. చలమయ్యకు చెరకు ముక్కలు పెట్టి పంపారు.

మూడో రోజు మధ్యాహ్నం సుభద్రమ్మ వాగు అవతల ఉంది. బొరియలో కెమెరా మాట్లాడింది.

"బయటికి రండర్రా, చిగుళ్ళు తెచ్చాను."

అది అచ్చం సుభద్రమ్మ గొంతే. అడవి పిల్లి రోజూ ఆ కెమెరాలోనే ఆ పిలుపు విని, ఫోన్లో పట్టి ఉంచింది. ఆ రోజు అదే కెమెరాలో తిరిగి వినిపించింది. తాను వెళ్ళి బండ మీద కూర్చుంది. అంతకుముందైతే ఆ బండ మీద ఎవరు అడుగు పెట్టినా పాపయ్య కంటపడేవారు.

వాగు అవతల సుభద్రమ్మ ఫోన్ చూసింది. మొగలి లేచి గుమ్మం వైపు పరిగెత్తడం కనిపించింది. "ఆగమ్మా, అది నేను కాదు," అని అరిచింది. నెట్టు మెల్లగా ఉంది కదా. ఆ మాట బొరియలోకి చేరేసరికి మల్లి, మొల్ల ఆగారు. వాళ్ళే విన్నారు. ముందు పరిగెత్తేది ఎప్పుడూ మొగలే.

సుభద్రమ్మ ఇంటికి చేరేసరికి బండ ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చింది. చలమయ్య చెప్పినట్టే రెండు నిమిషాలు పట్టింది.

మర్నాడు ఆమె పాపయ్యను వెతుక్కుంటూ వెళ్ళింది. వాగు ఒడ్డున రాళ్ళ మధ్య కనిపించాడు. తిరిగి రమ్మని అడిగింది. కంచె నీదే అంది. క్షమించమని కూడా అంది. అతను మొగలి గురించి అడిగి, విన్నాడు.

"నేను రాలేనమ్మా. రేపు ఇంకేదైనా జరిగితే, మళ్ళీ అందరూ నా వైపే చూస్తారు. నువ్వు కూడా చూస్తావు," అన్నాడు.

ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది.

తర్వాత పలకరింపులు మొదలయ్యాయి. అరవై ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అడవి పిల్లికి ఆ పాస్‌వర్డ్ ఎలా తెలిసిందని సుభద్రమ్మ అడిగింది. అందరూ నేల చూశారు. నరసమ్మకు మాత్రం దాచే అలవాటు లేదు.

"నేనే చెప్పాను వదినా. పాపం, ఎంతో మర్యాదగా వచ్చి అడిగింది. గుమ్మంలోకి వచ్చి అడిగితే లేదని ఎలా అంటాం?"

అని కళ్ళు తుడుచుకుంది. అందరూ కాసేపు కూర్చున్నారు. చిన్నపిల్ల, మంచిపిల్ల అన్నారు. లేచేటప్పుడు నాగభూషణం తోక సర్దుకుంటూ, ఎలాగూ వచ్చాను కదా అన్నట్టు అడిగాడు.

"నిన్నటి నుంచి మీ నెట్టు తగలడం లేదమ్మా. కొత్త పాస్‌వర్డ్ ఏమిటి?"

అందరూ ఆగారు. చలమయ్య కూడా ఫోను తీశాడు.

"చెప్పను," అంది సుభద్రమ్మ.

వాళ్ళు కదిలారు. కంచె దాటాక మాట్లాడుకున్నారు. బిడ్డ పోయినా ఆ మనిషికి పొగరు పోలేదని అరవై ఇళ్ళవాళ్ళూ ఒకే మాట మీదకు వచ్చారు. ఆ అడవిలో అందరూ ఒకే మాట మీదకు రావడం అది రెండోసారి.

నీతి: ఇంటి తాళంచెవి అందరికీ పంచిపెట్టి, అది అందనివాణ్ణి దొంగ అనకండి. మొహమాటం కొద్దీ మార్చని తాళానికి మూల్యం చెల్లించేది ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు.