సక్రీబాయి వేసిన జడ

అడగ్గానే జవాబు చెప్పే అలవాటు గురువు ఈదయ్యగారికి లేదు. "పద, చూద్దం" అని చెప్పులు తొడుక్కునేవారు. ఆయన శిష్యుడు భోజ్యా నాయక్ తండాలో పుట్టి, బడిపంతులై, పట్నంలో ఇల్లు కట్టుకున్నవాడు. అతను ఒకనాడు ఇలా అడిగాడు:

"అయ్యా, మా లంబాడీ మాటకు సొంత అక్షరాలు లేవు, దాంతోటి కొలువూ రాదు. నా బిడ్డకు తెలుగు, ఇంగ్లీషు చాలనుకున్న. పిల్లతోటి మన మాట మాట్లాడొద్దని మా అమ్మకు గట్టిగ చెప్పిన. తప్పు చేసిన్నా?"

అతని ఇంట్లోనే ఉండే తల్లి సక్రీబాయికి తెలుగు అంతంతమాత్రం. కొడుకు అలా చెప్పిన నాటి నుంచి ఎనిమిదేళ్ళ మనవరాలు అన్వితతో ఆమె నోరు విప్పి మాట్లాడింది లేదు. అదే భోజ్యాను ముల్లులా గుచ్చుతోంది.

"మీ అన్న బిడ్డ పెండ్లి ఎప్పుడంటివి?" అన్నారు గురువుగారు.

"ఆదివారం."

"నేనూ వస్త."

పెళ్ళయింది. అన్న కూతురు మోతీబాయి అత్తవారింటికి బయలుదేరబోతోంది. ఆ తండా ఆనవాయితీ ప్రకారం పెళ్ళికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ ‘ఢావలో’ అనే వీడ్కోలు పాట పాడుతుంది. వాళ్ళూ తమ మాటలోనే బదులు పాడి పంపాలి. ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటే చాలదు. బదులు అందనిదే పిల్ల కదలదు. పెద్దవాళ్ళందరూ అయ్యాక మోతీ సెలవులకు వచ్చినప్పుడల్లా తన చంకలో పెరిగిన చెల్లెలు అన్వితను పట్టుకుంది. భోజ్యా గుంపు వెనక్కి తగ్గాడు. తన నిర్వాకం ఇక నలుగురిలో బయటపడబోతోంది.

అన్విత అక్క భుజం మీద గడ్డం ఆనించి పాడింది. తడబడకుండా, ముసలమ్మల రాగంలో, నాలుగు వరుసలు. తండా మొత్తం గొల్లున ఏడ్చింది. ఆ పిల్ల తండ్రినన్న గర్వంతో భోజ్యా ఛాతీ ఉప్పొంగింది. ఆ గర్వం తన సంపాదన కాదని వెంటనే గుర్తొచ్చి తల్లి వైపు తిరిగాడు.

"మాట్లాడొద్దన్నవు. జడ వెయ్యొద్దనలేదు గద బేటా," అంది సక్రీబాయి తన మాటలోనే. "రోజూ దానికి జడ వేసుకుంట నాకు నేనే పాడుకున్న. వినొద్దని దానికెవరు చెప్పిన్రు?"

గురువుగారు దగ్గరికి వచ్చారు. "నాకు మీ మాట రాదు నాయనా. బిడ్డ ఏమని పాడింది?"

భోజ్యా చెప్పబోయాడు. "అక్కా, నువ్వు పోతే..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

"తెలుగుల వస్తలేదయ్యా."

"మరి నీ ప్రశ్నకు జవాబు నన్ను తెలుగుల చెప్పమంటివేం?" అని గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.