నాంచారి గడప

వాగవతల మెట్ట పొలాల్లో కాపురముండే జంతువులన్నిటికీ ఒక పంచాయతీ ఉండేది. దాని ప్రెసిడెంటు ముసలి ఎద్దు. మనసు మంచిదే గానీ, ఎవరేం చెప్పినా తలూపేస్తుంది. గంగిరెద్దు వంశం మరి, ఏం చేస్తాం.

అక్కడే పరికి పొద కింద నాంచారి అనే కుందేలు ఉండేది. పోయిన వానాకాలం ఆకుల చాటున దాచుకున్న పిల్లల్ని గద్ద తన్నుకుపోయింది. అప్పట్నుంచీ దానికి ఒకటే ధ్యాస: పైన ఒక కప్పు, ముందు ఒక గడప. సాయంత్రమైతే ముంగిసల ఇంటి మీదుగా పనిగట్టుకుని వెళ్లేది, వాళ్ల గడప చూడ్డానికి. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. "ఈసారి కాన్పు నా ఇంట్లోనే కావాలి" అని పొదతోనే చెప్పుకునేది పాపం.

ఆ ఏడు పంచాయతీ ఒక మంచి పని తలపెట్టింది. అందరూ పోసిన ఉమ్మడి పాతరలోంచి గింజలు తీసి, ఇల్లు లేనివాళ్లకి ఇళ్లు కట్టించాలని తీర్మానించింది. మొదటి ఇల్లు నాంచారికి. గాడిదలకి కూలి పోసి రాయి తోలించి కట్టించే పని నక్కకి.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఆ కష్టమేదో నేనే పడతాను పెద్దయ్యా" అంది నక్క. ఎద్దు తలూపింది.

తొలకరికి ముందే ఇల్లు లేచింది. పసుపు గోడలు, ఎర్ర అంచులు. నాంచారికి కళ్లు నిండిపోయాయి. మురిపెంగా గోడకి చెంప ఆనించింది. రంగు చెంపకి అంటుకుంది, కింద మట్టి పిండిలా రాలింది.

పరుగున వెళ్లి ఎద్దుతో మొరపెట్టుకుంది. "పెద్దయ్యా, గోడ రాలిపోతోంది."

"ఉత్తపుణ్యాన వచ్చిన ఇంటికి వంకలా చెల్లెమ్మా? పెద్దయ్య చూసి ఒప్పుకున్నారు కదా" అంది పక్కనే ఉన్న నక్క. ఎద్దు దానికీ తలూపింది.

ఆ రోజంతా నాంచారి ఇంటి ఎదురుగానే కూర్చుంది. ఆశ చెడ్డది. పోనీలే, కప్పు కప్పే కదా, సర్దుకుందామా అనిపించింది. అంతలో కడుపులో పిల్లలు కదిలాయి. వాటి మీదే కదా ఆ కప్పు కూలేది అనుకుని లేచి మళ్లీ ఎద్దు దగ్గరికి వెళ్లింది. నక్కా అక్కడే ఉంది.

"పెద్దయ్యా, ఇల్లు తీసుకుంటాను. కానీ ఆవు ముందు అడుగు పెట్టందే గృహప్రవేశం ఎలా అవుతుంది?"

నక్క నవ్వింది. "నీ గుమ్మంలో ఆవు పడుతుందా పిచ్చిదానా?"

"పట్టకపోతే బయట నిలబడి ఒళ్లు ఆనిస్తే చాలన్నా."

శుభమా అని అడుగుతుంటే కాదనడానికి నక్కకి నోరు రాలేదు. ఆచారం ఆచారమే అంది ఎద్దు.

బొట్టు పెట్టించుకుని ఎర్రావు వచ్చింది. దానికి డొక్కలో ఎప్పుడూ దురదే. గోడ కనబడగానే ఒళ్లు రాసుకుంది. అంతే, గోడతో పాటు కప్పూ కూలింది. లోపల రాయన్నది లేదు, అంతా ఎండుటాకులే.

"పైన పటారం, లోన లొటారం" అని గొణిగింది ముంగిస.

"మరి మేం మోసిన రాళ్లేవీ?" అంది గాడిద.

"ఎక్కడ దించావు?" అనడిగింది ఎద్దు.

"నక్కగారి దిబ్బ మీద. అక్కడే దించమన్నారు."

అందరూ దిబ్బెక్కారు. అక్కడ నక్క కొత్త ఇల్లు, రాతి గోడలతో. ఎర్రావు తల వంచకుండానే గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. నాలుగు గోడలకీ తీరిగ్గా ఒళ్లు రాసుకుని బయటికొచ్చింది. చిటికెడు మట్టి రాలలేదు.

ఎద్దు ఈసారి తలూపలేదు. "ఊరి గింజలతో కట్టింది ఈ ఇల్లే. ఆవు ప్రవేశం కూడా అయిపోయింది. నాంచారీ, కుడికాలు పెట్టి లోపలికి నడువమ్మా."

"మరి నేనెక్కడ ఉండాలి పెద్దయ్యా?" అంది నక్క.

"పరికి పొద ఖాళీ అయిందిగా" అంది గాడిద.

తొలివాన పడ్డ సాయంత్రం నాంచారి తన గడప మీద కూర్చుంది. వెనక గడ్డిలో పిల్లలు వెచ్చగా నిద్రపోతున్నాయి. ఈ గడప పోయినేడే ఉండుంటే వాటి అన్నలు కూడా ఉండేవాళ్లు కదా అని గుండె కలుక్కుమంది. దూరంగా పొద కింద నక్క తడుస్తూ ఆ గుమ్మంకేసే చూస్తోంది.

పదిమంది సొమ్ముతో లేచిన గోడని రంగు చూసి కాదు, ఒళ్లు ఆనించి చూసి ఒప్పుకోవాలి.