మూడు మోదుగాకులు

అనగనగా కొండల నడుమ ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. అక్కడి ఎలుగుబంట్లకు తేనె అంటే ప్రాణం. ఎండుటాకులు పోగేసి, చెకుముకి రాయి కొట్టి, తేనెపట్టు కింద పొగ పెట్టేవి. ఈగలు పారిపోయేవి. పొగ మాత్రం కొండలు దాటి పోలేక అడవిలోనే నిలిచిపోయేది. అందరికీ ఒకటే దగ్గు.

అడవికి పెద్దయిన అడవిదున్న ఒక కట్టుబాటు పెట్టింది.

"ఎవరైనా పొగ పెట్టాలంటే, తన పొగ మానుకున్న ఇంకొకరి దగ్గర్నుంచి గుర్తుగా ఒక మోదుగాకు తెచ్చి నాకు చూపించాలి. ఒకచోట మంట వెలిగితే ఇంకోచోట ఆరాలి. అప్పుడు పొగ పెరగదు."

వినడానికి ఎంత బాగుందో చూశారా!

తాని చెట్టు మొదట్లో సూదయ్య అనే ముళ్లపంది ఉండేవాడు. దుంపలు పచ్చివే తినేవాడు. పుట్టి బుద్ధెరిగి నిప్పు ముట్టుకోలేదు. అదే చెట్టు పైతొర్రలో ఒక కొమ్ముపిట్ట, ఇద్దరు పిల్లలతో ఉండేది. పిల్లలు ఎదిగేదాకా ఆ పిట్ట బయటికి రాదు. ముక్కు పట్టేంత సందు వదిలి, వాకిలి మట్టితో మూసేసుకుంటుంది. తండ్రిపిట్ట పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తాడు.

ఒకరోజు ఒక ఎలుగుబంటి వచ్చింది.

"సూదయ్య మామా, పొగ మానుకున్నానని ఒక మోదుగాకు ఇవ్వు. నీకు తేనెపట్టు ముక్క ఇస్తాను."

"నేనెప్పుడు పెట్టాను గనక మానడానికి?" అన్నాడు సూదయ్య.

"పెట్టడం లేదు కదా! అదే మానడం."

సూదయ్యకు ఏదో తేడాగా అనిపించింది. కానీ తేనె వాసన ముక్కుకు తగిలింది. ఆకు ఇచ్చేశాడు.

మర్నాడు ఆ ఎలుగు తమ్ముడు వచ్చాడు. సూదయ్య రెండో ఆకు ఇచ్చాడు. ఆ సాయంత్రం పైనుంచి తల్లిపిట్ట పిలిచింది.

"అన్నా, ఆకుల కట్టుబాటు వచ్చాక పొగ తగ్గాలి కదా. ఇంకా పెరిగిందేమిటి? పిల్లలు దగ్గుతున్నారు."

సూదయ్య మూతి తుడుచుకున్నాడు. "గాలి లేదు కదమ్మా, రేపటికి తగ్గుతుందిలే" అన్నాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. అయినా మూడోరోజు ఎలుగుల మేనమామ పట్టు మొత్తం మోసుకొస్తే కాదనలేకపోయాడు. ఇదొక్కటీ ఇచ్చి మానేద్దాం అనుకున్నాడు.

నాలుగోరోజుకి చెట్టుకు చెట్టు కనబడలేదు. తండ్రిపిట్ట నోట మేడిపండు పట్టుకుని, తన చెట్టేదో తెలియక పొగలో తిరుగుతున్నాడు. తొర్రలోంచి ఇప్పుడు ఒక పిల్ల దగ్గే వినిపిస్తోంది. సూదయ్య పడుతూ లేస్తూ అడవిదున్న దగ్గరికి పరుగెత్తాడు.

"పెద్దయ్యా, నేను ఏ మంటా ఆర్పలేదు. నాకసలు మంటే లేదు. లేనిదాన్ని మానుకున్నానని తేనె తిన్నాను."

అడవిదున్న పిలిపిస్తే వచ్చిన ఎలుగులు గుర్రుమన్నాయి. "మూడు మంటలకు మూడు ఆకులు చూపించాం. మా తప్పేముంది?"

"ఆకులు సరిపోయాయి. పొగ ఎక్కడ తగ్గిందో చూపించండి" అంది అడవిదున్న.

ఎలుగులే నీళ్లు మోసి మంటలార్పాయి. పిల్లలు ఎదిగేదాకా పిట్టలకు పండ్లు తామే మోయాలన్న అడవిదున్న తీర్పుకూ ఒప్పుకున్నాయి.

పొద్దు వాలేలోపు పొగ విడింది. తండ్రిపిట్ట చెట్టు చేరి, సందులోంచి మేడిపండు అందించాడు. పెద్దపిల్ల గబుక్కున మింగింది. ఇంకోటి తెచ్చి చిన్నదానికి పెట్టాడు. అది నోరు తెరవలేదు. కాసేపు ఆగి మళ్లీ పెట్టాడు.

సూదయ్య కింద నిలబడి చూస్తూనే ఉన్నాడు.

నీతి: చేయని త్యాగాన్ని ఇంకొకరి తప్పుకు అడ్డుపెడితే తప్పు తగ్గదు, దాని బరువు ఏ పాపం ఎరగనివారి మీద పడుతుంది.